రోగి సేవే బుద్ధ సేవ: ట్రాన్స్‌జెండర్ రోగుల పట్ల మన ధమ్మం



బాబాసాహెబ్ రాసిన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ మీలో చాలామంది చదివే ఉంటారు. అందులో తన అనుభవాలతో పాటు ఇతరుల బాధలు కూడా ఆయన చేర్చారు. వాటిలో కథియవాడ్ ప్రాంతపు బడిపంతులు ఒకాయన రాసిన ఉత్తరం ఉంది. 1929 డిసెంబరులో ‘యంగ్ ఇండియా’ పత్రికలో అచ్చయింది. పంతులు గారి భార్య ప్రసవించి, ఆ తర్వాత జబ్బుపడింది. డాక్టరు అంటరానివాళ్ల వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దల్ని బతిమాలి, రెండు రూపాయల ఫీజుకి పూచీ ఇప్పిస్తే, వాడ బయటికి తీసుకొస్తే చూస్తానన్నాడు. బాలింతను పసిబిడ్డతో సహా బయటికి తెచ్చారు. డాక్టరు థర్మామీటరు తీసి ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన పంతులుకిచ్చాడు, పంతులు భార్యకిచ్చాడు. మళ్లీ అదే వరసలో వెనక్కి పోయింది. దీపం వెలుగులో చూసి నిమోనియా అని చెప్పి, మందు పంపాడు. తర్వాత పిలిస్తే రాలేదు. ఆ తల్లి చనిపోయింది.

ఆ డాక్టరుకి చదువుంది, మందుంది, థర్మామీటరు కూడా ఉంది. ఎదురుగా ఉన్నది మనిషి అన్న ఎరుక ఒక్కటే లేదు. ఆ ఒక్కటి లేకపోతే మిగతావేవీ ప్రాణం నిలబెట్టలేవు.

ఈ కథ చదివితే మనకు రక్తం మరుగుతుంది. మరగాలి కూడా. అయితే ధమ్మం తీసుకున్నవాళ్లం కాబట్టి ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఇవాళ మన ఆస్పత్రుల్లో ఎవరిని అలా దూరం నుంచి చూస్తున్నారు? ఆ చూసేవాళ్లలో మనం లేమా?

ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ జ్వరంతో సర్కారు దవాఖానాకి వచ్చారనుకోండి. ఓపీ చీటీ దగ్గరే మొదలవుతుంది. ఆధార్‌లో మగ పేరుంటుంది, మనిషి చీర కట్టుకుని ఉంటారు. కౌంటర్లో ఉన్నవాళ్లు ఆ పాత పేరే నలుగురికీ వినపడేలా గట్టిగా పిలుస్తారు. వరసలో నవ్వులు. లోపలికి వెళితే జ్వరం సంగతి అడగక ముందే ‘ఎప్పటినుంచి ఇలా?’ అంటారు. జబ్బుకి సంబంధం లేకపోయినా బట్టలు తియ్యమంటారు. పక్క గదిలో వాళ్లను కూడా చూడ్డానికి పిలుస్తారు. హెచ్‌ఐవీ ఉండే ఉంటుందని ముందే తీర్మానిస్తారు. చేర్చుకోవాల్సి వస్తే మగ వార్డా ఆడ వార్డా అని వాదులాట. అంతసేపూ రోగి స్ట్రెచర్ మీదే. ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతుకుతున్నవారు గర్భసంచి నొప్పితో గైనిక్ ఓపీకి వస్తే వాళ్ల గతి ఇంకా కష్టం. మగా ఆడా రెండూ కాదనుకునేవారికి, అంటే నాన్‌బైనరీ అని చెప్పుకునేవారికి, ఆ చీటీలో గడే ఉండదు.

ఇలా ఒకసారి జరిగితే రెండోసారి ఎవరొస్తారు? జబ్బు ముదిరేదాకా ఇంట్లోనే ఉంటారు. లేదా మెడికల్ షాపుకి పోతారు, ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు. 2023లో నెల్లూరులో ఏం జరిగిందో గుర్తుందా? ఒక లాడ్జి గదిలో ఇద్దరు బీఫార్మసీ విద్యార్థులు లింగమార్పిడి ఆపరేషన్ చెయ్యబోతే ఒక ప్రాణం పోయింది. హిజ్రా సమాజంలో ఆ ఆపరేషన్‌ని ‘నిర్వాణం’ అంటారు. మనం పవిత్రంగా పలికే మాట అది. పెద్దాస్పత్రి తలుపు భయం లేకుండా తట్టగలిగితే లాడ్జి గదిలో నిర్వాణం వెతుక్కోవాల్సిన అవసరం ఎవరికుంటుంది?

ఇప్పుడు వినయ పిటకంలోకి రండి. భగవానుడు ఆనందుడితో కలిసి భిక్కువుల నివాసాలు చూస్తూ వెళుతున్నాడు. ఒక భిక్కువు విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. ఎవరూ చూసుకోవడం లేదా అని అడిగితే లేదన్నాడు. ఎందుకని అడిగితే, తాను తోటి భిక్కువులకి పనికిరానివాణ్ని కాబట్టి అన్నాడు. భగవానుడు ఆనందుణ్ని నీళ్లు తెమ్మన్నాడు. తానే నీళ్లు పోశాడు, ఆనందుడు కడిగాడు. ఒకరు తలవైపు, ఒకరు కాళ్లవైపు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత సంఘాన్ని పిలిచి, మీకిక్కడ తల్లీ లేదు తండ్రీ లేడు, ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని మందలించాడు. తనకు సేవ చెయ్యాలనుకునేవారు రోగికి సేవ చెయ్యాలన్నాడు.

తల్లీ తండ్రీ ఉండి కూడా లేనివారు ఇవాళ ఎవరు? పదిహేనేళ్లకే ఇంట్లోంచి గెంటేసిన ట్రాన్స్‌జెండర్ పిల్లలు. వాళ్లలో మన వాడల పిల్లలు ఎంతమంది ఉన్నారో మీ చుట్టూ చూస్తే మీకే తెలుస్తుంది.

భగవానుడు అంతటితో ఆగలేదు. రోగిని చూసుకునేవారికి ఉండాల్సిన ఐదు గుణాలు చెప్పాడు. మన ఉపాసకుల్లో నర్సులున్నారు, ఆశా కార్యకర్తలున్నారు, వార్డుబాయ్‌లు, ఆయాలు, ల్యాబ్ టెక్నీషియన్లు, పారిశుద్ధ్య కార్మికులున్నారు. ఇప్పుడిప్పుడే డాక్టర్లవుతున్న పిల్లలూ ఉన్నారు. మీకోసమే చెబుతున్నాను, జాగ్రత్తగా వినండి.

మొదటిది, మందు సిద్ధం చెయ్యడం తెలిసి ఉండటం. అంటే పని రావాలి. ట్రాన్స్‌జెండర్ రోగి గురించి మాకు చదువులో చెప్పలేదు అనడం సాకు కాదు. తెలుసుకోవాలి.

రెండోది, రోగికి ఏది పడుతుందో ఏది పడదో ఎరగడం. చాలామంది డాక్టరు సలహా లేకుండా గర్భనిరోధక మాత్రలు కొని హార్మోన్ల కోసం మింగుతారు. వాటితో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఆ సంగతి డాక్టరుకి తెలియాలి. తిట్టకుండా అడిగితేనే రోగి చెబుతారు. హార్మోన్లు వాడుతున్నవారి హిమోగ్లోబిన్ లాంటి పరీక్షల్ని చీటీలో ‘మగ’, ‘ఆడ’ అని ఉన్నదాన్ని బట్టి చదివితే లెక్క తప్పవచ్చు. మగవాడిగా బతుకుతున్నా గర్భాశయం ఉంటే దాని పరీక్షలూ అవసరమే. అలాగని ప్రతి జ్వరాన్నీ, ప్రతి దెబ్బనీ హార్మోన్ల మీదికి నెట్టకూడదు. చెయ్యి విరిగి వస్తే చేతికి కట్టు కట్టండి.

మూడోది, లాభం కోసం కాక మైత్రితో చూడటం. చూడాల్సింది జబ్బుకి అవసరమైనంతే. ఆపైన చూసేది వైద్యం కాదు, వేడుక.

నాలుగోది, మలమూత్రాలకీ వాంతికీ అసహ్యించుకోకపోవడం. మలమూత్రాలకే అసహ్యపడొద్దన్న గురువు, సాటి మనిషి దేహాన్ని చూసి మొహం తిప్పుకోమంటాడా?

ఐదోది, ధమ్మపు మాటలతో ధైర్యం చెప్పడం. ఇక్కడే మన తెలుగు గురించి ఒక మాట. ‘వాడొచ్చాడు’, ‘అదొచ్చింది’ అంటే ఆడా మగా తేడా వచ్చేస్తుంది. ‘వారు వచ్చారు’ అంటే రాదు. ‘మీరు కూర్చోండి’ అనే మాటకి లింగం లేదు. ‘గారు’కీ లింగం లేదు. ఎవర్ని ఎలా పిలవాలో తెలియడం లేదు అనేవారికి నా జవాబు ఇదే. గౌరవంగా పిలవండి, చిక్కు దానంతటదే విడిపోతుంది. ‘మీ పేరేంటండీ?’ అని అడిగి, వాళ్లు చెప్పిన పేరుతో పిలవండి. పాత పేరు కాగితం మీద తప్పనిసరైతే కాగితం మీదే ఉండనివ్వండి, నోటితో అరవొద్దు. ‘ఒరేయ్’, ‘ఏమే’ అనే పిలుపులు తరతరాలుగా పడ్డవాళ్లం మనం. ‘మీరు’ అనే మాట విలువ మనకి ఇంకొకరు చెప్పాలా?

ఇక కొందరు అడిగే ప్రశ్నలున్నాయి. ‘అది పూర్వజన్మ పాపం గదా?’ అంటారు. మీరు అంటరానివాళ్లుగా పుట్టింది కూడా పూర్వజన్మ పాపమేనని మన తాతలకి చెప్పారు. ‘బుద్ధుడు–ఆయన ధమ్మం’ గ్రంథంలో బాబాసాహెబ్ ఆ వాదాన్ని తిరస్కరించారు. మన మెడలోంచి తీసి పారేసిన ఆ తాడుని ఇంకొకరి మెడలో వేస్తామా?

‘పండకులకి ఉపసంపద లేదని వినయంలో ఉంది గదా?’ అని ఇంకొందరు. ఉంది, దాచనక్కర్లేదు. ఆ మాట సరిగ్గా ఎవరికి వర్తిస్తుందో పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు. అది భిక్కు సంఘంలో చేర్చుకోవడం గురించిన నియమం, రోగికి వైద్యం మానమన్న నియమం కాదు. అదే వినయంలో ఇంకోటి కూడా ఉంది. ఒక భిక్కువుకి స్త్రీ లక్షణాలు వస్తే భగవానుడు వెళ్లగొట్టమనలేదు. అదే ఉపాధ్యాయుడితో, అదే ఉపసంపదతో, గడిచిన వర్షావాసాల లెక్క పోకుండా భిక్కునీ సంఘంలో ఉండనిమ్మన్నాడు. అంటే దేహం మారినా మనిషి గౌరవం తగ్గలేదు. ఏది బుద్ధవచనమో తేల్చుకోవడానికి బాబాసాహెబ్ ఇచ్చిన గీటురాయి ఉండనే ఉంది: హేతువుకి నిలవాలి, మనిషి మేలుకి పనికిరావాలి. దాని మీద గీసి చూడండి.

చట్టం కూడా ఇటే ఉంది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం సంచార జాతులతో పాటు హిజ్రాల్ని కూడా నేరస్తుల పట్టీలో రాసింది. నిజాం కాలంలో 1919లో వచ్చిన అలాంటి చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది. 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లకి ఆస్పత్రుల్లో వైద్యం అందేలా చూడాలని ప్రభుత్వాల్ని ఆదేశించింది. వైద్యం నిరాకరించడం, మధ్యలో ఆపెయ్యడం, అన్యాయంగా చూడటం వివక్షేనని 2019 చట్టం 3వ సెక్షన్ చెబుతోంది. అయితే చట్టం కాగితం మీద ఉన్నంత మాత్రాన గుమ్మం దాటదని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

గుమ్మం దాటించినవాళ్లు కూడా మన కళ్ల ముందే ఉన్నారు. డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్‌పాల్ 2022లో ఉస్మానియా ఆస్పత్రిలో మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. తెలంగాణలో సర్కారు కొలువులో చేరిన మొదటి ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు వారు. 2021లో హైదరాబాద్ నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల చేతుల మీదుగానే ‘మిత్ర్’ క్లినిక్ నడిచింది. 2025 జనవరిలో అమెరికా సాయం ఆగగానే అది మూతపడింది. తర్వాత వేరే దాతల అండతో ‘సబ్‌రంగ్’ పేరుతో మళ్లీ తెరిచారు. ఎక్కడో దూరాన ఒక సంతకంతో మందు ఆగిపోయిందంటే, దగ్గర్లో ఉన్న మన దానం ఎంత అవసరమో ఆలోచించండి.

మన విహారాలు చెయ్యగల పనులు పెద్దవేం కావు. మీ ఊళ్లో ట్రాన్స్‌జెండర్ మనిషికి ఒంట్లో బాగోలేదని తెలిస్తే ఇద్దరు ఉపాసకులు తోడు వెళ్లండి. తోడున్న రోగిని కసురుకోవడం అంత తేలిక కాదు. ఆస్పత్రిలో పనిచేసే మన వాళ్లని ఒక ఆదివారం వందన తర్వాత కూర్చోబెట్టి, ఈ ఐదు గుణాల మీద చర్చ పెట్టండి. వైద్య శిబిరం పెడితే హిజ్రాలున్న బస్తీకి వెళ్లి స్వయంగా పిలవండి. అలాంటి బిడ్డ మీ ఇంట్లోనే ఉంటే గెంటకండి. జ్వరం వచ్చిన రాత్రి నుదుటి మీద చెయ్యి వేసేవాళ్లు ఉండాలి ఆ బిడ్డకి.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో, మనుషులంతా సమానమని నమ్ముతానని ఒకటుంది. దాని పక్కనే, ఆ సమానత్వాన్ని నెలకొల్పడానికి పాటుపడతానని ఇంకోటి ఉంది. మొదటిది విహారంలో చెప్పుకోవచ్చు. రెండోదానికి ఓపీ కౌంటరు దగ్గరికి వెళ్లాలి, వార్డులోకి వెళ్లాలి. రేపు డ్యూటీకి వెళ్లేటప్పుడు ఆ రెండో ప్రతిజ్ఞని వెంట తీసుకెళ్లండి.

సకల ప్రాణులు రోగం లేక, భయం లేక సుఖంగా ఉండుగాక!

నమో బుద్ధాయ! జై భీమ్!