కాలూ చెయ్యీ ఆడకపోతే

"కాలూ చెయ్యీ ఆడుతుండగానే పోవాల సామీ, ఒకరి చేత చేయించుకునే గతి రాకూడదు." బత్తలపల్లె చుట్టుపక్కల ముసలివాళ్ళు దేవుణ్ణి కోరుకునేవి రెండే. ఇదొకటి, వాన ఒకటి. 2022లో మా ఊరు అనంతపురం జిల్లాలోంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గాని, వాన తీరు మాత్రం మారలేదు. దాన్ని అలా ఉంచండి. నా సందేహమల్లా మొదటి కోరిక గురించే. కాలూ చెయ్యీ ఆడని మనిషికి ఇక స్వతంత్రమంటూ ఏదీ ఉండదా?

బత్తలపల్లెలో 2000లో ఆర్డీటీ వారి ఆసుపత్రి వచ్చింది. ఆసుపత్రులు దగ్గరయ్యాక, చెట్టు మీంచో మోటారు సైకిలు మీంచో పడి మెడ విరిగినవాళ్ళు కూడా బతికి ఇంటికొస్తున్నారు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింటే మెదడు చెప్పే మాట చేతులకు చేరదు. చేరే దారి పోయింది గాని, చెప్పే మెదడు నిక్షేపంగానే ఉంటుంది. అసలు కష్టమంతా అక్కడే!

మా దూరపు బంధువు ఒకాయన అలాగే మంచాన పడ్డాడు. నాకు మామ వరస. అత్త చేసే సేవను ఊరంతా మెచ్చుకుంటుంది, మెచ్చుకోవలసిందే. ఒకనాడు ఉండబట్టలేక అడిగాను: "మామా, ఒక్క పని నీ అంతట నువ్వు చేసుకునే వరం దొరికితే ఏం చేసుకుంటావు?"

లేచి నడుస్తానంటాడనుకున్నాను.

"ఫ్యాను ఆపుకుంటా అల్లుడా" అన్నాడు. "తెల్లవారుజామున చలేస్తాది. పగలంతా చేసి అలిసి పండుకున్న మనిషిని ఎట్ల లేపేది? అట్లే వణుకుతా ఉంటా."

ఆ వణుకు ఏ డాక్టరు చీటీలోనూ ఎక్కదు.

ఒక్క కండరం కదిలితే చాలునని నిరూపించిన మనిషి స్టీఫెన్ హాకింగ్. చివరి సంవత్సరాల్లో ఆయన చెంప కదిపితే కళ్ళజోడుకున్న చిన్న సాధనం దాన్ని పసిగట్టేది, తెరమీద అక్షరం పడేది. గొట్టంలోకి ఊదీ పీల్చీ కుర్చీ నడిపేవాళ్ళున్నారు. కంటిచూపుతో రాసేవాళ్ళున్నారు. 2024 జనవరిలో అమెరికాలో ఒక యువకుడి మెదడులో చిన్న యంత్రం అమర్చితే, అతను తలపుతోనే కంప్యూటరు మీద చదరంగం ఆడాడు. అంత దూరం ఎందుకు? సిరిసిల్ల రాజేశ్వరి చేతులు స్వాధీనంలో లేక కాలితో కవిత్వం రాసింది. సాధనం ఖరీదు కోట్లైనా కాలివేళ్ళ మధ్య కలమైనా, అది చేసే పని ఒకటే. లోపలి మాటను ఇంకొకరి నోటి గుండా పోకుండా బయటికి తెస్తుంది.

పోలియోతో మెడ కింద దాదాపు చచ్చుబడిన ఎడ్ రాబర్ట్స్ 1962లో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో చేరాడు. రాత్రిళ్ళు ఊపిరికి ఇనుపపెట్టెలో పడుకునేవాడు. తనలాంటివాళ్ళ కోసం 1972లో అక్కడ స్వతంత్ర జీవన కేంద్రం వెలిసింది. స్నానం ఎవరు చేయించారన్నది వాళ్ళకు లెక్కలోది కాదు. ఎప్పుడు, ఎలా చేయించాలో ఎవరు నిర్ణయించారన్నదే లెక్క. ఆ లెక్కన, సొంతంగా బొత్తాం పెట్టుకోగలిగి కూడా ఏ చొక్కా తొడుక్కోవాలో ఇంట్లోవాళ్ళు చెబితే తప్ప తెలియని మగవాళ్ళు మన వీధిలో ఎంతమంది!

మామకు మాట వినే పెట్టె తెచ్చిపెడదామన్నాను. అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఫ్యాను ఆపమంటే నేను ఏనాడన్నా కాదన్నానా నాయనా?"

కాదనలేదు. నిజమే. అందుకే జవాబు చెప్పడం కష్టం. ప్రేమతో చేసే సేవకు జీతం ఉండదు, కృతజ్ఞతే ఇచ్చుకోవాలి. రోజుకు ఇరవైసార్లు కృతజ్ఞుడై ఉండవలసిన మనిషి ఒక్కసారైనా కోపం తెచ్చుకోగలడా? కూర బాగాలేదనగలడా? 2024లో మన ప్రభుత్వం మంచానికి పరిమితమైన ఇలాంటివాళ్ళ పింఛను నెలకు 15,000 రూపాయలకు పెంచింది. మంచి పనే. ఆ డబ్బు ఎలా ఖర్చుపెట్టాలని మంచంమీది మనిషిని ఎన్ని ఇళ్ళలో అడుగుతున్నారో మాత్రం మీరే చుట్టూ చూడండి.

యంత్రం వస్తే పలకరింపు పోతుందన్న భయం ఉత్తదని నేననను. పెట్టెను అప్పజెప్పి తలుపు దగ్గరికి వేసి పోయే ఇళ్ళూ ఉంటాయి. కానీ ఆ భయానికి మామ వణకడం న్యాయమా?

పెట్టె వచ్చింది. మొదటి రాత్రి మామ ఫ్యానును ఆపి, వేసి, ఆపి, వేసి తెల్లవార్లూ ఆడుకున్నాడట. నిద్ర పాడైందని అత్త ఇంతెత్తున లేచింది. మామ కూడా ఊరుకోలేదు. గొంతు చించుకుని పోట్లాడాడు.