పొగ ఉన్న చోట

తొలకరి చినుకుకు లేచే మట్టివాసన, వెన్న కాగేటప్పుడు అందులో వేసిన తమలపాకు కమ్మదనం, తెల్లవారుజామున వినిపించే కవ్వపు సవ్వడి - ఇవి చూడబోతే అల్పవిషయాలే. అయినా వీటిలో ఏ ఒక్కటి తారసపడినా, ఏనాడో విడిచి వచ్చిన ఇల్లు మన అనుమతి కోరకుండానే కళ్లెదుట నిలుస్తుంది. ప్రయత్నించి తలచుకున్నా స్ఫురించని ముఖాలు ఒక వాసన వెంట నడిచి వస్తాయి. ఇది ఎలా సంభవిస్తుందన్నది ఒక ప్రశ్న. ఇలా వచ్చిన దానిని ఎంతవరకు నమ్మవచ్చునన్నది అంతకంటె గంభీరమైన ప్రశ్న.

మన దార్శనికులు ఈ విషయాన్ని చాలా పూర్వమే విచారించారు. ప్రతి అనుభవమూ ఆత్మలో ఒక సంస్కారాన్ని మిగులుస్తుందని, తగిన ప్రేరణ దొరికినప్పుడు అది మేల్కొని స్మృతి అవుతుందని నైయాయికుల మతం. అట్టి ప్రేరణలను గౌతముని న్యాయసూత్రాలు ఇరవైకి పైగా పేర్కొన్నాయి. సాదృశ్యం, అభ్యాసం, వియోగం, సుఖం, దుఃఖం, భయం వాటిలో కొన్ని. కాళిదాసు శాకుంతలం ఐదవ అంకంలో, హంసపదిక పాట చెవిని పడగానే దుష్యంతుని మనసు కారణం తెలియని బెంగకు లోనవుతుంది. మరచినది శకుంతలను, గుర్తు చేయబోయినది ఒక పాట. బుద్ధి పోగొట్టుకున్న దానిని ఇంద్రియం దాచి ఉంచుతుందని కవి ఎరుగును.

ఆధునిక విజ్ఞానం కూడా ఇందుకు దూరంగా లేదు. తక్కిన ఇంద్రియాల సమాచారం మెదడులోని థాలమస్ అనే కేంద్రం మీదుగా సాగుతుంది. వాసన మాత్రం ఆ మజిలీ అవసరం లేకుండానే ఉద్వేగానికీ, జ్ఞాపకానికీ సంబంధించిన భాగాలను చేరగలదు. మట్టివాసనకు ప్రధాన కారణం నేలలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 1964లో ఈ తొలివాన పరిమళానికి పెట్రికోర్ అని పేరు పెట్టారు. కాని అంతకు ముందునుంచే మన కనౌజ్ పట్టణపు అత్తరు పనివారు కాల్చిన మట్టినుండి ఆ సుగంధాన్ని బట్టీపట్టి, చందన తైలంలో నిలిపి అమ్ముతూ వచ్చారు. పోయినదానిని సీసాలో దాచుకోవాలన్న కోరిక మానవునికి అంత సహజమైనది.

అయితే ఈ కోరికలో ఒక ప్రమాదం కూడా ఉన్నది. ఇది నాకు శాస్త్రగ్రంథాల వల్ల తెలియలేదు. కొంతకాలం క్రితం ఒక సాయంకాలం మా అక్కతో కలిసి ఒక పల్లె మీదుగా వస్తుండగా పిడకల పొగ తగిలింది. నా మనసు పులకించింది. దాలిలో రోజంతా కాగి ఎర్రబడిన పాలు, దళసరి మీగడ, పొయ్యి వెలుగులో అమ్మ ముఖం - ఆ మాటే అక్కతో అన్నాను. ఆమె పైట చెంగు ముక్కుకు అడ్డుపెట్టుకొని, "నువ్వు పాలు తాగినవాడివిరా తమ్ముడూ, నేను ఊదుగొట్టం పట్టినదాన్ని" అన్నది. వానాకాలంలో తడిసిన పిడకలు అంటుకోక అమ్మ కళ్లు ఎలా వాచిపోయేవో, రాత్రివేళ దగ్గుతూ ఎలా లేచి కూర్చునేదో చెప్పింది. ఆ దగ్గు నేనూ విన్నాను. కాని నా స్మృతిలో దానికి చోటు దొరకలేదు.

ఒకే ఇల్లు, ఒకే పొగ; స్మృతులు మాత్రం రెండు. ఇందులో ఏది సత్యం? తర్కసంగ్రహకర్త అన్నంభట్టు జ్ఞానాన్ని స్మృతి, అనుభవం అని రెండుగా విభజించి, స్మృతిలో యథార్థమూ ఉంటుంది, అయథార్థమూ ఉంటుందని చెప్పాడు. నా స్మృతి అబద్ధం కాదు; ఆ పాలు నిజంగానే తియ్యనివి. దాని దోషమల్లా ఒక బాలుని అనుభవాన్ని ఇల్లంతటి అనుభవంగా చూపడమే. పసివాడు అలా అనుభవించడం తప్పు కాదు. ఎదిగిన తరువాత కూడా ఆ తీపిని అంతటితోనే గ్రహించి తృప్తి పడడం తప్పు. తరతరాల స్త్రీల శ్రమ మన మధుర స్మృతులలో ఇలాగే అదృశ్యమైపోయింది.

పొగ ఉన్న చోట నిప్పు ఉంటుందన్నది మన తర్కశాస్త్రంలో బాలురకు నేర్పే మొదటి అనుమానం. అందుకు చెప్పే దృష్టాంతం వంటిల్లే. శతాబ్దాలుగా పండితులు ఆ వంటింటి పొగను చూసి నిప్పును ఊహించారు. ఆ నిప్పు ముందు కూర్చున్న మనిషిని ఊహించమని శిష్యులకు ఆ పాఠం చెప్పలేదు. స్మృతి విషయంలో మనం చేయవలసిన అనుమానం అదే. ఒక వాసన సుఖాన్ని గుర్తుకు తెచ్చినప్పుడు, ఆ సుఖం వెనుక ఎవరి చేతులున్నవో విచారించాలి. తోడబుట్టినవారిని అడగాలి. వారి స్మృతి మన స్మృతిని ఖండిస్తే నొచ్చుకోరాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకం, దేశవ్యాప్తంగా 2016లో మొదలైన ఉజ్జ్వల పథకం ఎన్నో ఇళ్లకు గ్యాసుపొయ్యిని చేర్చాయి. ఆనాటి రుచి పోయిందని వగచేవారు ఉన్నారు. నేనూ వగచినవాడినే. కాని ఆ పొయ్యి ముందు కూర్చున్న వారెవరూ దాని కోసం కంటతడి పెట్టగా నేను చూడలేదు. వారి కన్నీరు అప్పటికే ఆ పొగకు ఖర్చయిపోయింది.

అందుచేత జ్ఞాపకాన్ని త్యజించమని కాదు. పెద్దలు మానవునికి పుట్టుకతోనే ఋణాలు ఉన్నాయన్నారు. ఋణపత్రం చేతిలో లేనిదే ఎవరికి ఎంత బాకీ ఉన్నామో తెలియదు. ఆ పత్రాన్ని మనకు అందించేది స్మృతియే. ఇప్పటికీ పిడకల పొగ తగిలితే నాకు పాల తీపి గుర్తుకు వస్తుంది. ఆ వెంటనే అమ్మ దగ్గు కూడా వినిపిస్తుంది. తీపి తగ్గలేదు, దాని వెల ఎంతో తెలిసింది.