పక్కన చోటు: దానమా, మైత్రా?



కొత్తచెరువు మిత్రులం కొందరం ఆశ్వయుజంలో, శెనక్కాయ పీకే పనులు ముమ్మరం కాకముందే, ధర్మవరం, అనంతపురం, గుత్తి మీదుగా ఎర్రగుడి అశోకుని శాసనాల దాకా బండ్ల మీద పోయొస్తాం. పోలియోతో కాళ్లు పడిపోయిన మిత్రుడొకరు బుల్లెట్‌కు బిగించిన సైడ్‌కార్‌లో కూర్చుంటాడు. ఒక పెద్దాయన అడిగినాడు: "పెట్రోలు తగలేసి తిరగడం ధమ్మమా? ఆ దుడ్డేదో ఆయన చేతికిస్తే పుణ్యం గదా?"

అడగాల్సిన ప్రశ్నే. జవాబు బాబాసాహెబ్ జీవితంలోనే ఉంది.

1929 అక్టోబరులో ఆయన చాలీస్‌గాఁవ్‌లో రైలు దిగినారు. అప్పటికే బారిస్టరు. అయినా అంటరానివాణ్ణి ఎక్కించుకుని తోలడానికి టాంగావాళ్లు ఒప్పుకోలేదు. చివరికి ఒకాయన టాంగా బాడుగకు ఇచ్చినాడు, తాను మాత్రం తోలనన్నాడు. తోలడం సరిగా రాని మనవాడొకడు పగ్గాలు పట్టినాడు. కల్వర్టు దగ్గర బండి దెబ్బతిని బాబాసాహెబ్ రాళ్ల మీద పడినారు, కాలు విరిగింది. టాంగావాడు బాడుగ తీసుకున్నాడు, బండి కూడా ఇచ్చినాడు. ఆయనతో కలిసి ఒకే బండిలో కూర్చోవడం ఒక్కటే ఒప్పుకోలేదు. అంటరానితనమంతా ఆ ఒక్క చోటులోనే ఉంది. దుడ్డు చేతులు మారినంత మాత్రాన అది పోదు.

సైడ్‌కార్ తోలినవాళ్లకు ఒక సంగతి తెలుసు. మన దేశంలో అది బండికి ఎడమవైపు ఉంటుంది. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు ఎడమకు వేగంగా తిప్పితే పక్క చక్రం గాలిలోకి లేస్తుంది, బండి బోల్తా పడొచ్చు. అందులో మనిషి కూర్చుంటే ఆ బరువుకు చక్రం నేలను పట్టుకుంటుంది. మనం మోస్తున్నామని అనుకునే మనిషే మనల్ని నిలబెడుతున్నాడు.

పరినిబ్బాణం తర్వాత 1957లో అచ్చయిన తన ధమ్మ గ్రంథంలో బాబాసాహెబ్ కరుణ కంటే మైత్రిని పెద్దదిగా చెప్పినారు. కరుణ మనుషుల దాకా, మైత్రి సకల ప్రాణుల దాకా. ఎర్రగుడి బండల మీద ఉన్న అశోకుని రెండో శాసనం కూడా దారుల వెంట మనుషులకు, పశువులకు కలిపే బావులు తవ్వించినట్టు, చెట్లు నాటించినట్టు చెబుతుంది. కరువు సీమలో బతికే మనకు ఆ బావుల విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు.

పెద్దాయన మాటలో నిజం లేకపోలేదు. పిల్లల ఫీజు ఆపి తిరిగితే అది ధమ్మం కాదు. ఆ మిత్రుణ్ణి ముందు పెట్టుకుని ఫోటోలు దిగి, మన మంచితనం ఊరికి చూపించుకున్నా కాదు. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు తిరగాలో ఆయన మాట కూడా సాగితేనే అది మైత్రి. సాగకపోతే ఆయన సామానుతో సమానం.

ఇదే కొలత మనకూ పెట్టుకుందాం. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్న లక్షల మంది కులాన్ని అక్కడే వదలాలని తీసుకున్నారు. మన ఊర్లో మాలవాడ బండి మాదిగవాడ దగ్గర ఆగుతుందా? ఆగి, రా అన్నా కూర్చో అని చోటిస్తుందా? వందనం చెప్పేముందు ఎవరికి వారు జవాబు చెప్పుకోవాలి.

నమో బుద్ధాయ. జై భీమ్.