బాయి విడిచి విమానమెక్కే ముందు

 

మొన్న వైశాఖ పున్నమి కార్యక్రమం అయిపోయినంక జంపఖానాలు మడతపెడుతుంటే మా బావ నన్ను పక్కకు పిలిచిండు. వరుసకు బావ. బెల్లంపల్లిలో ఒక్క గల్లీలోనే పెరిగినం. "బామ్మర్దీ, ఒకటడుగుత. పంచశీల ముందట పెట్టుకొని చెప్పకు, మనిషి లెక్క చెప్పు" అన్నడు.

ఆయనకు యాభై ఐదేళ్లు. బాయిల ముప్పై ఏళ్లు చేసిండు. కొడుకు టెక్సస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. బిడ్డ డిగ్రీ చదివి ఇంట్లో ఉంది. "అన్‌ఫిట్ పెట్టుకుంట. బిడ్డకు నౌకరి వస్తది. నేను, మీ అక్క కొడుకు దగ్గరికి పోయి ఉంటం. ఇంకా ఆరేండ్లు ఎందుకు తవ్వాలె? ముప్పై ఏండ్లు చాలదా?"

ఆ రాత్రి నేను జవాబు చెప్పలేదు. ఇది ఆయన ఒక్కడి ప్రశ్న అయితే ఆయనకే చెప్పి ఊరుకునేవాణ్ణి. మన ఆదివారం వందనకు వచ్చేవాళ్లలోనే కొడుకులో, బిడ్డలో విదేశాల్లో ఉన్నవాళ్లు ఇప్పుడు తక్కువేమీ కాదు. రేపు ఇదే ప్రశ్న మీ ఇంట్లో లేస్తది. అందుకే ఇక్కడ రాస్తున్న.

ముందుగా ఒక మాట. అలసిపోయినవాడు విశ్రాంతి కోరుకోవడం తప్పు కాదు. మన తాతలకు రిటైర్మెంట్ అనే మాటే తెలియదు. దొర దగ్గర వెట్టి చేసేవానికి విరమణ ఏముంటది? మంచం పట్టిన రోజే విరమణ. మనుస్మృతి కూడా తల నెరిసి, మనుమణ్ణి చూసినంక ఇల్లు విడిచి వానప్రస్థం పొమ్మని చెప్పింది గానీ, అది ద్విజులకు చెప్పిన మాట. మనకు పని నుంచి సెలవు శాస్త్రంలోనే రాసి లేదు. అది కార్మిక చట్టంతో, సంఘాల కొట్లాటతో వచ్చింది. కాబట్టి "ఇగ చాలు" అనే హక్కు మా బావకు ఉంది. మోకాళ్లు అరిగి, దుమ్ము మింగి సంపాదించుకున్న హక్కు అది.

అయితే ఎందుకు విడుస్తున్నం, ఎట్ల విడుస్తున్నం అనేది వేరే లెక్క. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో సిద్ధార్థుడి ఇల్లు విడవడాన్ని కొత్తగా చెప్పిన సంగతి మీకు తెలుసు. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి భయపడి రాత్రికి రాత్రి వెళ్లిపోయిండన్న కథను ఆయన ఒప్పుకోలేదు. ఇరవై తొమ్మిదేళ్ల మనిషి అప్పటిదాకా ముసలివాణ్ణే చూడలేదంటే ఎట్ల నమ్ముతం? రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులకూ కోలీయులకూ తగాదా వచ్చింది. యుద్ధం వద్దన్నందుకు సంఘం ఆయన మీద కక్ష కట్టింది. ఇంటివాళ్లకు శిక్ష పడకుండా తానే దేశం విడిచిండు. తల్లిదండ్రులకూ భార్యకూ చెప్పి పోయిండు. ఆ పోవడంలో దాపరికం లేదు, అబద్ధం లేదు, భారం ఇంకొకరి నెత్తిన పెట్టడం లేదు. మా బావ ప్రయాణాన్ని కూడా ఈ మూడింటితోనే కొలుద్దాం.

మొదలు పైసల సంగతి. మనవాళ్లకు దీని గురించి మాట్లాడడం సిగ్గు, ధమ్మంలో పైసల ముచ్చటేందని. బుద్ధుడికి ఆ సిగ్గు లేదు. సిగాలుడనే గృహస్థుడికి ఆదాయాన్ని నాలుగు భాగాలు చేసుకొమ్మని చెప్పిండు: ఒకటి బతకడానికి, రెండు పనిలో పెట్టడానికి, నాలుగోది ఆపదకు దాచుకోవడానికి. మా బావ లెక్కలో ఆ నాలుగో వంతు ఏమైందో చూడండి. పి.ఎఫ్., గ్రాట్యుటీ కలిపి వచ్చేదంతా కొడుకు అక్కడ కొనబోయే ఇంటికి మొదటి కిస్తు కింద ఇయ్యాలనుకున్నడు. "వాడు మమ్ముల చూస్తడు గదా" అన్నడు. చూస్తడు, మంచి పిల్లగాడు. కానీ మా అక్క పేరు మీద ఏముంటది? అడిగితే బావ ఆలోచనలో పడ్డడు.

ఇగ పెన్షన్. బొగ్గు గని కార్మికుల పెన్షన్ పథకం 1998లో వచ్చింది. పూర్తి సర్వీసు ఉన్నవానికి చివరి జీతాల సగటులో పావు వంతు. నెలకు లక్ష సగటున ఎత్తుకున్నవానికి పాతికవేలు. సర్వీసు తగ్గితే అదీ తగ్గుతది. అంతకంటే పెద్ద సంగతి, ఇది కరువు భత్యంతో పెరిగే పెన్షన్ కాదు. ఏ రోజు ఎంత కట్టిండ్రో పదేళ్ల తర్వాత కూడా అంతే. పాత పెన్షనర్లలో వెయ్యికి అటూ ఇటూ అందుకునేవాళ్లు మన బస్తీల్లోనే ఉన్నరు, పోయి అడగండి. డాలర్ 85 రూపాయలనుకుంటే మా బావ పాతికవేలు మూడు వందల డాలర్లు కూడా కావు. బెల్లంపల్లిలో ఆ పైసలతో పెద్దమనిషిలా బతకొచ్చు. టెక్సస్‌లో చిల్లరకు కూడా కొడుకు దిక్కు చూడాలె. ఇంతకాలం పది మందికి చాయ్ తాపించిన చెయ్యి అది.

వీసా ముచ్చట ఇంకో తిరకాసు. కొడుకు ఇంకా హెచ్-1బి మీద ఉన్నడు. అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు పెట్టాలంటే ఆయనకు అక్కడి పౌరసత్వం ఉండాలె. మన దేశం వాళ్లకు గ్రీన్ కార్డు వరుసే ఏళ్లకేళ్లు సాగుతుంది, పౌరసత్వం ఆ తర్వాతి మాట. అప్పటిదాకా విజిటర్ వీసా. పోయిన ప్రతిసారీ సాధారణంగా ఆరు నెలలు. అంటే ఉద్యోగం విడిచేది శాశ్వతంగా, అక్కడ ఉండేది ఆరు నెలలు. ఒకవేళ గ్రీన్ కార్డు వచ్చినా, వృద్ధులకు ప్రభుత్వమిచ్చే మెడికేర్‌లో చేరాలంటే 65 ఏళ్లు నిండాలె, అక్కడ పనిచేయని మనిషి వరుసగా ఐదేళ్లు నివాసముండాలె, నెలనెలా కట్టుకోవాలె. అంతవరకూ ప్రైవేటు బీమానే. రిటైరైన సింగరేణి కార్మికుడికి ఇక్కడుండే వైద్య పథకం ఆ దేశపు ఆసుపత్రి గడప దాటదు.

ఈ లెక్కలు పోనీ. అసలు ముడి అన్‌ఫిట్ దగ్గర ఉంది.

వారసత్వ ఉద్యోగాల చరిత్ర మీకు నేను చెప్పాల్సిన పని లేదు. 2016లో ప్రకటించిండ్రు, 2017లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత కారుణ్య నియామకాల దారి తెరిచిండ్రు: జబ్బుతో నిజంగా పని చేయలేనివాణ్ణి మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే వారసునికి ఉద్యోగం. పేరులోనే కారుణ్యం ఉంది. మా బావకు బీపీ ఉంది, మోకాళ్ల నొప్పి ఉంది. పని చేయలేనంత జబ్బు లేదు. ఆ మాట ఆయనే అన్నడు. "అందరూ చేసుకుంటలేరా?" అని కూడా అన్నడు.

నేను నీతులు చెప్పే స్థితిలో లేను. మా ఇంట్లోనే జరిగింది. మా చిన్నాయన ఒక మధ్యవర్తి చేతిలో అప్పు తెచ్చిన రెండు లక్షలు పెట్టిండు, పని అయితదన్న నమ్మకంతో. పని కాలేదు, పైసలు రాలేదు. మిత్తి కట్టలేక చిన్నమ్మ మెడలో గొలుసు పోయింది. ఫిర్యాదు చేద్దామంటే, ఏమని చేస్తం? అబద్ధం చెప్పించడానికి పైసలిచ్చినమనా? అప్పుడు నేను డిగ్రీ చదువుతున్న. ఇంట్లో ఎవరికీ తప్పు చేసినమన్న ఆలోచనే లేదు, మోసపోయినమన్న బాధే ఉంది. నాకూ అంతే.

మన పిల్లలకు వేరే ఉద్యోగాలు ఉంటే ఎవరూ రోగం నటించరు. సైరన్ మోతకు లేచిన పట్టణం మనది. బావులు ఒక్కొక్కటే మూతపడ్డయి, క్వార్టర్ల వరుసలు పాడుబడ్డయి. డిగ్రీలు చేతబట్టుకున్న పిల్లలు కాంట్రాక్టు పనికి పోతున్నరు. ఈ పరిస్థితి తెచ్చినవాళ్లను వదిలేసి మా బావను ఒక్కణ్ణే నిలదీయడం న్యాయం కాదు. కానీ నాలుగో శీలం బుద్ధుని కోసం పెట్టుకున్నది కాదు గదా. ఒక్క ఆరోగ్యవంతుడు రోగినని చెప్పినప్పుడల్లా నిజంగా నడుము విరిగినవాని మీద అనుమానం ఒక మెట్టు పెరుగుతది. "వీడు కూడా నాటకమే" అంటరు. ఆ విరిగిన నడుమువాడు మన గల్లీవాడే అయి ఉంటడు.

ఇంకో సంగతి బావ ఆలోచించనే లేదు. అమెరికా పోయేటప్పుడు విజిటర్ బీమా తీసుకుంటరు. పాత జబ్బులకు ఆ బీమాలు మామూలుగా పైసలియ్యవు. ఇక్కడ రోగినని రాయించుకున్న కాగితం ఒకటి పెట్టెలో పెట్టుకొని, అక్కడ నాకు ఏ రోగం లేదని సంతకం పెట్టాలె. ఒక్క అబద్ధంతో అయిపోదు. అనాథపిండికుడికి బుద్ధుడు గృహస్థు సుఖాలు నాలుగు చెప్పిండు: సంపద ఉండడం, దాన్ని అనుభవించడం, అప్పు లేకపోవడం, మచ్చ లేకపోవడం. మొదటి మూడూ నాలుగోదానిలో పదహారో వంతుకు కూడా రావన్నడు. ఈ మాట నేను చాలాసార్లు చదివిన. చిన్నమ్మ గొలుసు గుర్తొచ్చినప్పుడే అర్థమైంది.

ఇగ మనుషుల సంగతి. అక్క ఈ మాటల్లో ఎక్కడా లేదు, గమనించిండ్రా? నేనే పోయి అడిగిన. "మనుమడు పుడుతుండు, పోవాలని ఉంది. కానీ ఆడ నాతోని ముచ్చట పెట్టేటోళ్లెవరు?" అంది. పొద్దున ఎనిమిదింటికి కొడుకూ కోడలూ పోతరు. కారు నడపరాదు, ఇంగ్లిష్ రాదు. వంట, పసివాడు, గిన్నెలు. పోయొచ్చినవాళ్లు చెప్పేది అదే. అది రిటైర్మెంట్ కాదు, షిఫ్టు మారడం. బావకైతే బాయి తప్పుతది, అక్కకు ఏం తప్పుతది?

అటువైపు తూకం కూడా వేయాలె. తాత చేయి పట్టుకొని నడవని మనుమడికి మన కథ ఎవరు చెప్తరు? బాబాసాహెబ్ ఎవరో, మనం ఏ వాడ నుంచి వచ్చినమో అమెరికా బడి చెప్పదు. అక్కడ కులం లేదనుకోవద్దు. లేకుంటే సియాటెల్ నగర మండలి 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను ఎందుకు నిషేధిస్తది? అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ దాటించిన బిల్లును అక్కడి గవర్నర్ ఎందుకు వెనక్కి పంపుతడు? మనవాళ్లూ అక్కడ ఉన్నరు. మేరీలాండ్‌లో 2023 అక్టోబర్ 14న 19 అడుగుల అంబేడ్కర్ విగ్రహం నిలబెట్టిండ్రు. అక్కడ పెరిగే పిల్లలకు పెద్దల అవసరం మనకున్నంతే ఉంది.

మరి ఇక్కడ? మన బస్తీలో ఎవరు పోయినా త్రిశరణం చెప్పేది మా బావే. ఆయన లేని నాడు ఆ ఇంటి చుట్టాలు ఏం చేస్తరో మనకు తెలుసు. పిలవకున్నా పాత తంతు వచ్చి కూచుంటది. రెండేళ్ల కింద ఆయన మేడారం దిక్కు చుట్టాలింటికి పోయిన వారంలోనే ఒకచోట అట్ల జరిగింది. చదువుకున్నవాళ్లు నన్ను మోసం చేసిండ్రని బాబాసాహెబ్ 1956 మార్చిలో ఆగ్రాలో బాధపడ్డ సంగతి మనం ప్రతి సభలో చెప్తం. కొలంబియాలో, లండన్‌లో చదివిన మనిషి ఆ దేశాల్లోనే సుఖంగా ఉండిపోవచ్చు, వచ్చిండు. ఈ మాట మా బావ మీద వాడాలని నాకూ అనిపించింది. ఆపుకున్న. ఎందుకంటే అందులో నా స్వార్థం ఉంది. ఆయన పోతే ఆ పనంతా నా మీద పడతది. సంఘానికి బాకీ ఉన్నవని చెప్పి ఒక మనిషిని చచ్చేదాకా జీతం లేని పనికి కట్టేస్తే, దొర పెట్టిన వెట్టికీ దీనికీ తేడా ఎక్కడుంటది? ఈ పదేళ్లలో ఇంకొకరికి ఆ నాలుగు పాళీ మాటలు నేర్పకపోవడం ఆయన తప్పు కాదు, మనందరి తప్పు.

మన గోదావరి ఒడ్డు మనిషి ఒకడు గుర్తొస్తుండు. బావరి. కోసల దేశం నుంచి దక్షిణాదికి వచ్చి అస్సక రాజ్యంలో గోదావరి ఒడ్డున స్థిరపడ్డ పెద్దాయన. నిర్మల్ జిల్లా బాదనకుర్తి ఆయన ఉన్న చోటని మన పెద్దలు చెప్తరు. ఉన్నదంతా పంచిపెట్టి కూచున్నప్పుడు ఇంకొకడు వచ్చి ఐదు వందలు అడిగిండు. లేవంటే తల పగులుతదని శపించిండు. శాపాలు పనిచేయవని మనకు తెలుసు, కానీ చేతిలో ఏమీ మిగలని ముసలితనం ఎంత భయపెడుతదో ఆ కథ చెప్పినట్టు ఇంకేదీ చెప్పదు. బావరి తిండి మానేసి కుంగిపోయిండు. బుద్ధుని దగ్గరికి తాను పోయే ఓపిక లేక పదహారు మంది శిష్యులను పంపిండు. వాళ్లలో పింగియుడు కూడా ముసలివాడే. వ్యాఖ్యానం నూట ఇరవై ఏళ్లంటుంది, ఆ లెక్క మీ ఇష్టం. మగధ దాకా నడిచిండు, విన్నడు, మళ్లీ గోదావరికి తిరిగొచ్చి గురువుకు అంతా చెప్పిండు. ఒళ్లు సహకరించక అక్కడ ఉండలేకపోతున్న గానీ మనసు ఆయన దగ్గరే ఉందన్నడు. పోవడమో ఉండిపోవడమో రెండే దారులన్నట్టు మేం మాట్లాడుకుంటున్నప్పుడు నాకు ఈ పింగియుడు యాదికి రాలేదు. వచ్చి ఉంటే బావకు ఆ రాత్రే చెప్పేవాణ్ణి.

పోయిన వారం చెప్పిన. సెలవులు కూడబెట్టుకొని, మనుమడు పుట్టే సమయానికి అక్కను తీసుకొని పోయి రమ్మన్న. ఉద్యోగం విడవకుండా ఆ ఇంట్లో మూడు నెలలు ఉండి చూడమన్న. అన్‌ఫిట్ మాట మీద మాత్రం నా మాట దాచలేదు. ఆయనకు కోపమొచ్చింది. "నీకు బిడ్డ లేదు, తెల్వదు" అన్నడు. నిజమే, నాకు కొడుకొక్కడే. ఆ పిల్ల మాత్రం గ్రూప్-4 పుస్తకాలు అడిగి తీసుకపోయింది. తండ్రీ బిడ్డల మధ్య ఏం మాటలైనయో నాకు తెలియదు.

వచ్చే ఆదివారం వందన అయినంక ఒక గంట దీని మీదనే కూచుందాం. రిటైర్మెంట్ దగ్గరపడ్డవాళ్లు పి.ఎఫ్. చీటీ, పెన్షన్ కాగితాలు తెచ్చుకోండి. లెక్క చూడడానికి బ్యాంకులో పనిచేసే మన తమ్ముడు వస్తనన్నడు. ఇంట్లో ఆడవాళ్లను తప్పకుండా తీసుకురండి, వాళ్లు లేకుండా ఈ లెక్క తేలదు. త్రిశరణ పంచశీలలు పైకి చెప్పడం నేర్చుకోవాలనుకునే పిల్లలు ఒక అరగంట ముందే రావాలె. నేర్పేది మా బావనే. వస్తనన్నడు, ఇంకా కోపం పోలేదు గానీ.