తంగేడుపువ్వు, తంగేడుచెక్క

నల్లగొండ, పాలమూరు మెట్టభూములను చూచిన పరదేశి "ఇచ్చట తుప్పలు తప్ప మఱేమున్నది?" అనును. వానలు స్వల్పము, నేల రాతినేల యగుట నిజమే. కాని ఆ తుప్పలకు పేరులు గలవు: బలుసు, రేగు, కలివి, పరికి, తంగేడు. బ్రతికియుండిన బలుసాకు తిని బ్రతుకవచ్చునను సామెత కరవెఱిగినవారి మాట. వీనిలో తంగేడును గూర్చి మేమొక ప్రశ్న వేయదలచితిమి.

పశువులు తంగేడును ముట్టవు. కావుననే మందలు తిరుగు గట్లమీద సైతము అది నిలిచి పూయుచున్నది. బతుకమ్మను పేర్చుటకు ఆ పసుపుపచ్చని పూలే ముఖ్యము. 2014లో తెలంగాణ మేర్పడిన పిమ్మట దానినే రాష్ట్రపుష్పముగ నిర్ణయించిరి.

ఆ చెట్టు బెరడునకు వేఱొక చరిత్ర కలదు. అందలి వగరు పచ్చితోలును కుళ్లనీయక గట్టిపఱచును. మాదిగలు తోలును సున్నపునీట నానవైచి, వెండ్రుకలు గీకి, తంగేడుచెక్క వేసిన లందలో దినములతరబడి ఊరవైచి పదును చేసెడివారు. చెప్పులు, మోటబొక్కెనలు ఆ తోలుతోనే కుట్టిరి. విద్యుత్తు మోటారులు రాకపూర్వము రైతు మడికి నీరు ఆ బొక్కెనలోనే పైకి వచ్చెను. ఆ పంటను ఊరంతయు తినెను. బొక్కెన బావిలో మునుగవచ్చును గాని, దానిని కుట్టినవాడు ఊరిబావి గట్టెక్కరాదయ్యెను.

ఒక్క చెట్టు పువ్వునకు పూజయు, దాని చెక్కను వాడినవానికి వెలియు నెట్లు న్యాయమగును?

లందకు దుర్గంధము గలదు, శౌచమే కారణమని కొందఱందురు. అట్లయినచో స్నానము చేసి శుభ్రవస్త్రము కట్టి వచ్చినవానిని గుడిలోనికి పిలిచియుండవలెను గదా! లందను ఎన్నడును ముట్టని వాని బిడ్డనేల దూరముంచిరి? నీటితో పోని మైలను శౌచమను మాట సమర్థింపజాలదు. మనకు కావలసినది ఆ పని. అక్కఱలేనిది ఆ మనుష్యుడు. అంతకు మించిన కారణము మాకు గోచరింపలేదు.

1950లో అమలైన రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దు చేసినది. శాసనము చేయదగినది చేసినది. ఇంటిలో చేయదగినది మనయందున్నది. రాబోవు బతుకమ్మకు మన పిల్లలు పూలకై గట్లకు పోవుదురు. ఆ చెట్టు బెరడు ఎవరి చేతులలో పనికి వచ్చెనో, ఆ చేతులకు ఊరేమి బదులిచ్చెనో వారికి చెప్పుదము. చెప్పునప్పుడు మనకు సిగ్గు కలిగినచో, అది మంచి సిగ్గే.