బియ్యం పెట్టిన చేయి, ఓటేసిన చేయి

మా దాదా చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తా. ఎకరా నేల లేదు. అయినా 1962లో జరిగిన లోక్‌సభ ఉప ఎన్నికలో నక్షత్రం గుర్తుకు ఓటేశాడు. అనంతశయనం అయ్యంగారు బీహారు గవర్నరుగా వెళ్లడంతో ఖాళీ అయిన స్థానం అది. స్వతంత్ర పార్టీ తరఫున ఆచార్య ఎన్.జి. రంగా నిలబడి గెలిచారు. జమీందార్ల పార్టీ, షావుకార్ల పార్టీ అని కమ్యూనిస్టులు తిట్టిన పార్టీకి ఈ పేద సాయిబు ఎందుకేశాడు? చిన్నప్పుడు అడిగాను. "వాళ్లు నీ అంగడి జోలికి రారు, నీ నమాజు జోలికి రారు" అన్నాడు. తురకంలో అన్నాడు, నేను తెలుగులో రాస్తున్నాను.

మా అబ్బా తిరుపతిలో స్థిరపడ్డాడు. 1983లో ఎన్టీఆర్ తిరుపతి నుంచి నిలబడితే ఆయనకే వేశాడు. ఆ మాట విని దాదా ఆరు నెలలు మాట్లాడలేదట. అబ్బా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: కిలో బియ్యం రెండు రూపాయలు. రేషన్ షాపు ముందు వరుసలో అమ్మీని నీదే మతమని ఎవరూ అడగలేదు. 1984లో కరణాలు, మునసబులు పోయారు. తాతలనాటి నుంచి ఆ చావిడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లకు అది చిన్న సంగతి కాదు. సంప్రదాయ మితవాదులు ఆ చావిడిని కదిలించేవాళ్లు కారు. ఆస్తి పవిత్రం అన్నవాళ్లకు ఆస్తే లేనివాడు కనబడడు. ఈ విషయంలో నేను అబ్బా పక్షమే.

మన సెక్యులర్ మిత్రులు కొందరు వీళ్లందరినీ ఒకే గాటన కట్టేస్తారు. కాదు. రాజాజీ, మసానీ, రంగా నడిపిన పార్టీ సర్కారును కట్టడి చేయాలంది. 1959లో పుట్టడమే సహకార వ్యవసాయ తీర్మానాన్ని ఎదిరిస్తూ పుట్టింది. 1967లో మద్రాసులో డీఎంకే కూటమిలో ముస్లింలీగుతో కలిసి పోటీ చేసింది. 1951లో పుట్టిన జనసంఘ్ సంప్రదాయం వేరు. అక్కడ ముందుగా వచ్చేది సంస్కృతి, మనిషి తర్వాత. ఆ సంస్కృతిలో నా చోటేదని అడిగితే, పూర్వం నీవూ మావాడివే కదా అంటారు. ఇప్పుడున్న నన్ను మాత్రం చూడరు. మూడోది జనాకర్షక పార్టీ. దానికి సిద్ధాంతం తక్కువ, జనం ఎక్కువ. జనమంటే ఒకే ఒళ్లు, దానికి ఒకే గొంతు. ఆ గొంతు నాయకుడిది.

మరి ఆ జనంలో మేమున్నామా?

1983లో ఉన్నాం. తెలుగువాడి ఆత్మగౌరవం అన్నప్పుడు ఇంట్లో ఉర్దూ మాట్లాడే అబ్బా కూడా చప్పట్లు కొట్టాడు. 'మా తెలుగు తల్లికి' రాసిన శంకరంబాడి సుందరాచారి మా ఊరివాడేనని మురిసిపోయేవాడు. 1984లో దేశం మొత్తం మీద బీజేపీకి దక్కినవి రెండే సీట్లు. తెలుగుదేశానికి ముప్పై. అబ్బా ఆ లెక్క వేళ్ల మీద చెప్పేవాడు. 1999కి వచ్చేసరికి ఆ తెలుగుదేశం భుజాల మీదే బీజేపీ తిరుపతి లోక్‌సభ స్థానం గెలిచింది. అబ్బా ఏమీ చెప్పలేదు. 2002లో గుజరాత్ మారణకాండ మీద చంద్రబాబు అక్కడి ముఖ్యమంత్రి దిగిపోవాలన్నారు. తీరా పార్లమెంటులో ఓటింగు వచ్చినప్పుడు వాళ్ల సభ్యులు పాల్గొనలేదు. 2014లో మళ్లీ పొత్తు, 2018లో తెగదెంపులు, 2024లో మళ్లీ పొత్తు. ఇందులో ద్వేషముందని నేననను. ద్వేషముంటే అర్థం చేసుకోవడం సులువయ్యేది.

నేను చెప్పదలచింది రెండు వారాల కథ.

2025 మార్చి 21న ముఖ్యమంత్రి చంద్రబాబు తిరుమలలో హిందువులే పనిచేయాలన్నారు. నాకందులో తప్పు కనబడలేదు. వాళ్ల దేవుడి ఇల్లు, వాళ్ల ఆచారం. (ఉగాదినాడు దేవుని కడప గుడికి కొబ్బరికాయలు పట్టుకెళ్లే ముస్లింలున్నారు. మా బీబీ నాంచారిని చేసుకున్నాడు కాబట్టి ఆయన మాకు అల్లుడంటారు. అల్లుడింటి కట్టుబాటును అత్తింటివాళ్లు గౌరవించాలి కదా.) 2007లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఏడుకొండల మీద అన్యమత ప్రచారాన్ని నిషేధించినప్పుడూ నేను ఇదే అన్నాను. మాకు నాలుగు శాతం రిజర్వేషన్ తెచ్చిందీ అదే సంవత్సరం, అదే ప్రభుత్వం.

సరిగ్గా రెండు వారాలు తిరక్కముందే, ఏప్రిల్ 2 అర్ధరాత్రి దాటాక, లోక్‌సభలో వక్ఫ్ సవరణ బిల్లు గెలిచింది. తెలుగుదేశం సభ్యులు అనుకూలంగా ఓటేశారు. ఆ చట్టం ప్రకారం రాష్ట్ర వక్ఫ్ బోర్డులో కనీసం ఇద్దరు ముస్లిమేతరులుండాలి. గుడికొక న్యాయం, మసీదుకొక న్యాయం. బోర్డు పని ఆస్తుల నిర్వహణే, మతాచారం కాదని వాళ్ల వాదన. గుడి గుమాస్తా పని మతాచారమా మరి? నా దాదా నమ్మిన పాతకాలపు మితవాది ఎంత పిసినారైనా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టినప్పుడు సిగ్గుపడేవాడు. ఎందుకంటే అతనికి సూత్రం ఉంది, అది తనకూ తగులుతుంది. జనాకర్షక నాయకుడికి సిగ్గు కలగదు. రెండుసార్లూ ఆయన ఎక్కువమంది మనసెరిగే మాట్లాడాడు. ఆయన లెక్కలో ఆయన నిలకడగానే ఉన్నాడు.

ఆ పొద్దున ఫోనులో మా తమ్ముడితో గొడవైంది. "భాయ్‌జాన్, పింఛను అమ్మీ చేతికి నెలనెలా వస్తోంది. నాలుగు శాతం ఉంచుతామన్నారు. నమక్ తిన్నాక నోరు పారేసుకోవడం ఏం మర్యాద?" అన్నాడు. ఆ నమక్ మాట నన్ను చాలా రోజులు తిన్నది. మా పెంపకంలో నమక్ హరామ్ కన్నా పెద్ద తిట్టు లేదు. పెట్టిన చేతికి ఎదురు తిరగొద్దంటారు. కానీ అది ఎవరి ఉప్పు? అబ్బా కొన్న అగ్గిపెట్టె మీద, బీడీకట్ట మీద పన్ను కట్టాడు. రెండు రూపాయల బియ్యంలో ఆ పన్నుంది. మన సొమ్ము మనకిచ్చి, దాన్ని దయ అని పేరు పెట్టి, ఆ దయకు బదులుగా మౌనం అడగడమే జనాకర్షణలోని అసలు బేరం. తమ్ముడికి ఇది చెప్పాను. "రాసుకో, నీకు పేపరుంది" అన్నాడు.

అలాగని దాదా నక్షత్రం దగ్గరికి తిరిగి వెళ్లలేను. ఆ పార్టీ 1974లోనే భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. ఉన్నా వెళ్లను. జోలికి రాకపోవడం ఒక విలువే గానీ, ఆకలిగా ఉన్నవాడి జోలికి రాకపోవడాన్ని ఏమనాలి? అబ్బా అడిగిన ఆ ప్రశ్నకు దాదా దగ్గర జవాబు లేకపోయింది. నాకు బియ్యమూ కావాలి, సూత్రమూ కావాలి. రెండూ హక్కుగా కావాలి. అలా అడిగేవాడికి మా జిల్లాలో బూత్ ఏజెంటు దొరకడు.

ఇద్దరూ ఒకే ఖబరస్తాన్‌లో ఉన్నారు. దస్తావేజు లేదు, వాడుక మీద వక్ఫ్ అయిన నేల. కొత్త చట్టం ఇక ముందు వాడుక మీద వక్ఫ్‌ను ఒప్పుకోదు. పాతవాటిలో ముందే రిజిస్టరై, తగాదాలేనివి నిలుస్తాయి. వివరాలన్నీ ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించాలన్నారు. మా ముతవల్లీకి కంప్యూటర్ రాదు, నన్ను పిలిచాడు. ఇద్దరం కూర్చుని ఒక్కో గడీ నింపుకుంటూ పోయాం. ఎప్పటినుంచి మన వాడుకలో ఉందో రాయాలి అన్నాడు ముతవల్లీ. దాదాను అడిగుంటే తెలిసేది.