విడువబడిన విత్తనము

బెంగుళూరు నగరమున ఇంటి వెనుక నాలుగడుగుల నేలయో, మేడమీద పది తొట్లో కలిగిన తెలుగు గృహస్థునకు ఏటేట ఒక ప్రశ్న ఎదురగును: ఏ టమాటా నాటవలెను? ఇది నాలుకకు సంబంధించిన స్వల్ప విషయమని పలువురు తలంతురు. మాకట్లు తోచదు. చోటు కొంచెమైనపుడు ఒకదానిని నాటుట యనగా మరియొకదానిని విడుచుటయే. అందరును విడిచినది కొన్నాళ్లకు లేకుండ పోవును.

పెద్దలు కొందరు మన ఊరి విత్తనమే నాటవలెననియు, పరాయి జాతులు మనకేలయనియు అందురు. ఆ అభిమానము మెచ్చదగినదే కాని టమాటా విషయమున నిలువదు. రామములగ యని పేరిడి మనవారు పప్పులో కలుపుకొన్న ఈ కాయ దక్షిణ అమెరికా కొండసీమల సంతతి. పోర్చుగీసువారి రాకకు పూర్వము మన వంటలలో దీని జాడ లేదు. అంతకు ముందున్న చింతయు ఏనాడో ఆఫ్రికానుండి వచ్చినదేనని వృక్షశాస్త్రజ్ఞుల మాట. ఇక స్వదేశపు పులుపునకు మామిడికాయయే శరణ్యము కాబోలు!

ఈ నగరపు చేరువనే హెసరఘట్టలో 1967లో నెలకొన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు ‘టిప్ టాప్’ అను అమెరికా రకమును ఈ నేలలో పెంచి, మేలైన మొక్కలను ఏరి ‘అర్క వికాస్’ను రూపొందించిరి. దానిని పరాయిదనుట ఎట్లు? పుట్టినచోటికంటె ఏరిన చేతులకే విత్తనము ఎక్కువ ఋణపడి యుండును. తరతరములుగా ఇచ్చట స్థిరపడిన మనకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.

చిక్కంతయు సంకరజాతులతో వచ్చినది. ఆ సంస్థదే ‘అర్క రక్షక్’ ఆకుముడత, వడలు తెగులు, ఆకుమాడు తెగులు అను మూడింటిని తట్టుకొనును. మంచి సేద్యమున చెట్టునకు 18 కిలోల వరకు కాచినట్లు ప్రకటించిరి. కాని దాని గింజలు నాటినచో పిల్లలు తల్లిని పోలవు, ఏటేట కొనవలసినదే. అట్లని దానిని నాటువానిని తప్పుపట్టుట న్యాయమా? కోలారులోను మదనపల్లెలోను అప్పు తెచ్చి పంట వేసిన రైతునకు నాటు విత్తనపు మహిమను బోధించుట మర్యాద కాదు. అతని బిడ్డల చదువు ఆ దిగుబడిపై నున్నది.

మన సంగతి వేరు. కాపు తగ్గినచో మనము సంతకు పోయి అర కిలో కొనుక్కొందుము, అంతే. కొంత నష్టపోయినను నిలువగలవాడే విత్తనమును నిలుపవలసినవాడని మా అభిప్రాయము. ఢిల్లీలో జాతీయ విత్తన భాండాగారము కలదు గదా యని అడుగువారున్నారు. శీతలపు గదిలోని గింజ ప్రాణముతో నుండును. మారుచున్న ఎండవానలను మాత్రము ఎరుగదు, ఎవరి చారులోను పడదు.

పని కష్టమైనదియు కాదు. టమాటా చాలవరకు తన పుప్పొడితోనే కాయును గనుక ప్రక్క తొట్టిలోని రకముతో అరుదుగా గాని కలియదు. పులుపుగల నాటి టమాటా పండిన పిమ్మట గుజ్జును రెండు మూడు దినములు పులియనిచ్చి, కడిగి, నీడలో ఆరబెట్టిన చాలును. మిరప అట్లు కాదు. తేనెటీగలు కలిపివేయును గనుక ఒకే రకము పెంచుట మేలు. ఎర్రకాడ గోంగూర ఒక్క మొక్కను కోయక విడిచిన వీధి యంతటికి విత్తు దొరకును.

2001 నాటి మొక్కల రకముల రక్షణ చట్టము విత్తనము దాచుకొనుటకును, పంచుకొనుటకును రైతులకు హక్కునిచ్చినది. వచ్చే ఉగాది సభకు మన కుటుంబములు తలకొక పొట్లము తెచ్చి, పైన రకము పేరును, ఏరిన సంవత్సరమును వ్రాసి మార్చుకొన్నచో బాగుండును. పేరు తెలియనిచో ఎవరి ఇంటిదో వ్రాసినను సరియే.